గడువు దాటిన భవిష్యత్తు: పాత సైన్స్ ఫిక్షన్‌ను మళ్లీ చదవడం

ఇరవయ్యో శతాబ్దం నడిమి దశాబ్దాల్లో, అంటే సుమారు 1938 నుంచి 1968 దాకా, ఇంగ్లీషులో వెలువడిన సైన్స్ ఫిక్షన్ ఇప్పుడు గడువు దాటిన భవిష్యత్తు. ఐజాక్ అసిమోవ్, ఆర్థర్ సి. క్లార్క్, రాబర్ట్ హైన్‌లైన్, రే బ్రాడ్‌బరీ లాంటివాళ్లు ఎప్పుడో వస్తాయని రాసిన తేదీలు ఒక్కొక్కటే క్యాలెండర్‌లోకి వచ్చేస్తున్నాయి. బ్రాడ్‌బరీ 1950లో రాసిన ఒక కథ 2026 ఆగస్టు 4న జరుగుతుంది. కాలిఫోర్నియాలో ఒక ఇల్లు. పొద్దున్నే పొయ్యి దానంతటదే రొట్టెలు కాలుస్తుంది, గుడ్లు వేపుతుంది. ఆ రోజు కట్టాల్సిన బిల్లులు ఏమున్నాయో ఒక గొంతు గుర్తు చేస్తుంది. తినేవాళ్లూ లేరు, కట్టేవాళ్లూ లేరు. అణుబాంబు పడి ఊరంతా పోయింది. మాడిపోయిన పడమటి గోడ మీద ఆ కుటుంబం ఆకారాలు మాత్రం మిగిలాయి. గడ్డి కోస్తున్న తండ్రి, పూలు తెంపడానికి వంగిన తల్లి, గాల్లోకి బంతి విసిరిన పిల్లవాడు. ఆ కథ ఉన్న సంపుటికి 1997లో వచ్చిన ముద్రణలో తేదీలన్నిటినీ 31 ఏళ్లు ముందుకు జరిపారు. అనుకున్నది అనుకున్నరోజుకు రాకపోతే పెళ్లి ముహూర్తంలా వాయిదా వేశారన్నమాట.

ఇలాంటి పుస్తకాలను ఇప్పుడు తెరిచేవాళ్లు ముందుగా చేసేది, ఏది నిజమైంది, ఏది కాలేదు అని లెక్క తీయడం. చెవిలో పెట్టుకునే చిన్న రేడియో 'ఫారెన్‌హీట్ 451'లో 1953లోనే ఉంది కదా అని ఆశ్చర్యపోవడం, చంద్రుడి మీద కాలనీలు ఏవీ అని నవ్వుకోవడం. సరదాగానే ఉంటుంది గానీ, ఆ లెక్కతో చదువరికి ఒనగూడేది తక్కువ. అంచనా ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, ఆ తప్పులో రాసినాయన ఎవరిని మరిచిపోయాడు అన్నవే పనికొచ్చే ప్రశ్నలు. వాటిని పాత కథల మీద సాధన చేసినవాళ్లకు, ఇవాళ ఇంటికొచ్చి భవిష్యత్తును అమ్మేవాళ్ల మాటను తూచడం తేలికవుతుంది. పాత సైన్స్ ఫిక్షన్‌కు వ్యక్తిత్వ వికాస పుస్తకంలో చోటు ఇవ్వడానికి కారణం ఇదే.

ఈ సాధనకు పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మంచి నేల. అక్కడి ఇప్పటి బతుకును తీర్చిన ప్రణాళికలు కూడా సరిగ్గా ఆ దశాబ్దాలవే. నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టూ ఆ కాలానిదే. అమెరికాలో కాగితం మీద భవిష్యత్తు రాస్తున్న రోజుల్లో ఇక్కడ రాతితో, మట్టితో కట్టారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవచ్చు.

ఆ రోజుల్లో తెలుగువాళ్లకు రోబోలు, రాకెట్ల కథలు పెద్దగా అందలేదు. 1947 జులైలో మొదలైన 'చందమామ' పిల్లల ఊహకు మాంత్రికులనూ రాకాసులనూ ఇచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో మొదలుపెట్టిన 'తోకచుక్క' పేరుకు ఆకాశానిదే గానీ కథ సాహస జానపదం. 1957లో 'మాయాబజార్' వచ్చినప్పుడు ప్రియదర్శిని పెట్టెలో శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఆ ఏడాది అక్టోబరులోనే స్పుత్నిక్ ఎగిరింది. వీడియో కాల్‌ను తెలుగు ప్రేక్షకులు ఇంజినీర్ల దగ్గర కాక పురాణం దగ్గర ముందుగా చూశారని చెప్పుకోవచ్చు. మరో దారి మాస్కో నుంచి వచ్చింది. ప్రోగ్రెస్, మీర్, రాదుగ ప్రచురణాలయాల తెలుగు అనువాదాలను విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్లు ఊరూరా తిప్పాయి. 1946-51 సాయుధ పోరాటం నడిచిన నల్లగొండ జిల్లాలో వాటికి చదువరులు సిద్ధంగానే ఉన్నారు. ఇంగ్లీషు పేపర్‌బ్యాక్‌లు మాత్రం హైదరాబాద్ చదువుకు వెళ్లినవాళ్ల సంచుల్లో వచ్చినవే. అందువల్ల ఈ ప్రాంతంలో చాలామందికి ఇప్పుడు చేసేది రెండోసారి చదవడం కాదు, అరవై డెబ్బయ్యేళ్లు ఆలస్యంగా మొదటిసారి చదవడం. ఆ ఆలస్యం నష్టమేమీ కాదు. కుర్రతనంలో చదివి మోజుపడిన జ్ఞాపకం అడ్డురాదు.

ఎనిమిది వందల కోట్ల మందికి అన్నం

అసిమోవ్ 1954లో పుస్తకంగా తెచ్చిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'ను మిర్యాలగూడలో కూర్చుని చదివితే కలిగే అనుభవం న్యూయార్క్‌లో కలగదు. కథ వేల ఏళ్ల తర్వాతిది. భూమి మీద జనాభా 800 కోట్లు. జనమంతా ఉక్కు కప్పుల కింద కట్టిన మహానగరాల్లో ఇరుక్కుని బతుకుతుంటారు. సొంత వంటగది ఉండటం హోదా. పొలాలు ఆ జనానికి చాలవు కాబట్టి ప్రధాన ఆహారం ఈస్ట్. పెద్ద పెద్ద తొట్లలో పెంచి, రుచులు కలిపి, మాంసమనీ కూరగాయ అనీ భ్రమపడేలా చేసి పెడతారు. కథానాయకుడు ఎలైజా బేలీ అనే పోలీసు డిటెక్టివ్‌కు ఆరుబయట ఆకాశం కింద నిలబడాలంటే గుండె దడ.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ప్రపంచ జనాభా 2022 నవంబరు 15న 800 కోట్లకు చేరింది. అసిమోవ్‌కు వేల ఏళ్లు పడుతుందని తోచిన సంఖ్య, పుస్తకం వచ్చిన 68 ఏళ్లకే వచ్చింది. ఇంతవరకూ ఆయన లెక్క ఒకవైపు తప్పింది. మరోవైపు ఇంకా పెద్దగా తప్పింది. ఎవరికీ ఈస్ట్ ప్రధాన ఆహారం కాలేదు. వానాకాలం పంట కోతలయ్యే రోజుల్లో మిర్యాలగూడ రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు వరస కట్టి రాత్రంతా నిలబడుతున్నాయి. ఇక్కడ కొన్నేళ్లుగా రైతు మొత్తుకుంటున్నది తిండి లేదని కాదు, పండినదాన్ని తేమ శాతం పేరు చెప్పి కోత పెట్టకుండా కొనేవాడు లేడని.

అసిమోవ్ చూడలేకపోయింది ఏమిటి? విత్తనం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. పొట్టి కాడ, ఎరువుకు తట్టుకుని పడిపోకుండా నిలిచే పైరు. పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని వేసి చూపించి 'మిస్టర్ ఐఆర్-8' అని పేరు తెచ్చుకున్నాడు. ఇంచుమించు అప్పుడే సాగర్ ఎడమ కాల్వ నీళ్లు మిర్యాలగూడ వైపు నడిచాయి. హుజూర్‌నగర్, కోదాడ ఆయకట్టు దాని వెంట పెరిగింది. పొట్టి విత్తనం, కాల్వ నీరు, యూరియా బస్తా కలిసేసరికి ఈస్ట్ తొట్ల అవసరం ఎగిరిపోయింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, వచ్చాక జనం కడుపు నిండటం దాటి సన్న బియ్యమా దొడ్డు బియ్యమా అని బేరమాడే దశకు చేరారు.

ఇందులో గమనించాల్సిన చిన్న విషయం ఒకటుంది. అసిమోవ్ వృత్తిరీత్యా బయోకెమిస్ట్రీ బోధించినవాడు, బోస్టన్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో. తిండి సమస్యకు ఆయనకు తోచిన మందు ప్రయోగశాలలోని ఈస్ట్. ఎవరికి ఏ పనిముట్టు అలవాటో, వాళ్లకు భవిష్యత్తు ఆ పనిముట్టు ఆకారంలోనే కనిపిస్తుంది. ఈ ఒక్క గమనింపును ఇంటి నిర్ణయాల్లోకి తెచ్చుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. ఇంటర్ పూర్తయిన పిల్లకు ఏ కోర్సు అని నలుగురిని అడిగినప్పుడు, కంప్యూటర్ కోర్సులు అమ్మేవాళ్లు కృత్రిమ మేధ తప్ప ఇంకేదీ మిగలదంటారు. సివిల్ కాంట్రాక్టు చేసే మేనమామ ఎప్పుడూ ఇళ్లు కట్టేవాడికే పని అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. చెప్పే మాట పక్కన చెప్పినవాళ్ల వృత్తిని కూడా రాసుకుంటే, ఆ మాటలో ఎంత భాగం లోకానిదో ఎంత భాగం వాళ్లదో విడిపోతుంది.

సాగర్ ప్రణాళిక వేసినవాళ్లను కూడా ఇదే కంటితో చదవాలి, కట్టారు కదా అని వదిలేయకూడదు. లోయలోని నాగార్జునకొండ బౌద్ధ అవశేషాలను 1954 నుంచి ఆరేళ్ల పాటు తవ్వి, కొన్నిటిని కొండ మీదికి మార్చారు. మిగిలిన లోయ, అందులోని ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. అది ముందే తెలిసిన ఖరీదు. తెలియనివి తర్వాత వచ్చాయి. కాల్వ మొదట్లో ఉన్నవాళ్లకు రెండు పంటలు, చివరి భూములవాళ్లకు ఎదురుచూపులు. కల్లాలు కరువై రోడ్ల మీదికి ఎక్కిన వడ్లు. నాట్లకూ మిల్లుల్లో బస్తాలు మోయడానికీ బీహార్, బెంగాల్ నుంచి దిగుతున్న కూలీలు. 1955లో ఎవరి నివేదికలోనూ, ఎవరి నవలలోనూ ఈ చివరిది ఉండే వీలే లేదు.

రోడ్డు ఆగిన రోజు

హైన్‌లైన్ 1940లో 'ది రోడ్స్ మస్ట్ రోల్' అనే కథ రాశాడు. అందులో రోడ్లే కదులుతాయి. పక్కపక్కనే పట్టీలు, మొదటిది గంటకు 5 మైళ్లు, తర్వాతిది 10, అలా పెరుగుతూ నడిమిది 100 మైళ్ల వేగం. జనం ఒక పట్టీ మీంచి ఇంకో పట్టీ మీదికి అడుగేస్తూ వెళ్లి వేగంగా పోయేదాని మీద కూర్చుంటారు. దాని మీద హోటల్ కూడా ఉంటుంది, భోజనం చేస్తూ ఊరు చేరిపోవచ్చు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద సగం దారిలో బస్సు దిగి సూర్యాపేటలో తినడం అలవాటైనవాళ్లకు ఈ వర్ణన నవ్వు తెప్పిస్తుంది. హోటల్ ఆగకుండా పోతుంటే టిఫిన్ అయ్యేసరికి దిగాల్సిన ఊరు దాటిపోదా అన్న అనుమానం కూడా వస్తుంది.

అలాంటి రోడ్లు ఎక్కడా రాలేదు. ఆ అంచనా పూర్తిగా తప్పు. అయినా ఆ కథలో ఒక సంగతి ఇప్పటికీ పదునుగా ఉంది. రోడ్లను నడిపే టెక్నీషియన్లలో ఒక వర్గం, తాము చెయ్యి తీస్తే దేశం ఆగిపోతుంది కాబట్టి పెత్తనం తమకే రావాలని ఒక పట్టీని ఆపేస్తుంది. పక్క పట్టీలు అదే వేగంతో పోతుంటాయి. జనం నలిగిపోతారు. ఒక ఏర్పాటు మీద సమాజం ఎంత ఆనుకుంటే, ఆ ఏర్పాటును నడిపే చేతులకు అంత బలం వస్తుందని హైన్‌లైన్ యంత్రం కన్నా స్పష్టంగా చూశాడు.

సూర్యాపేట రైల్వే స్టేషన్ లేని జిల్లా కేంద్రం. కోదాడకూ రైలు లేదు. 2019 అక్టోబరు 5న, దసరాకు మూడు రోజుల ముందు, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. అది 52 రోజులు సాగింది. మిర్యాలగూడకు కనీసం గుంటూరు లైను రైళ్లున్నాయి. మిగతా రెండు పట్టణాలకు రోడ్డే దిక్కు. ఆ రోజులు గుర్తున్నవాళ్లు హైన్‌లైన్ కథ చదివితే ఒకచోట తప్పక ఆగుతారు. ఆయన కథలో చీఫ్ ఇంజినీరే కథానాయకుడు. సమ్మె నడిపినవాడు ఆత్మన్యూనతతో కుళ్లిపోయిన మనిషి, అతని మనసును విరగ్గొట్టడమే పరిష్కారం. కార్మికుల జీతం, పనిగంటలు, గౌరవం గురించిన మాటలు కథలో గాలికి పోతాయి. సంఘాలు, దీక్షా శిబిరాలు, ఎర్రజెండాలు చూస్తూ పెరిగిన సూర్యాపేటలో ఆ భాగాన్ని తల ఊపుతూ చదవడం కష్టం. రచయితతో పోట్లాడుతూ చదవడమే ఇక్కడ సరైన పద్ధతి. పెన్సిల్‌తో అంచున ఒక్క వాక్యం రాసుకోవచ్చు: ఇదే కథను సమ్మె చేసినవాడు చెబితే ఎక్కడ మొదలుపెట్టేవాడు? ఉద్యోగంలో గొడవ వచ్చినప్పుడు కూడా పనికొచ్చే ప్రశ్న ఇది. మేనేజరు చెప్పిన కథ ఒకచోట మొదలవుతుంది, డ్రైవరు చెప్పిన కథ ఇంకోచోట.

మార్జీ బడి

ఈ మూడు పట్టణాల్లో ఎక్కువమంది చదివిన పాత సైన్స్ ఫిక్షన్ కథ ఏదంటే బహుశా 'ది ఫన్ దే హ్యాడ్'. అసిమోవ్ 1951లో పిల్లల కోసం రాసిన ఈ చిన్న కథ ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకం 'బీహైవ్'లో ఏళ్ల తరబడి మొదటి పాఠం. సీబీఎస్ఈ బడులకు వెళ్లిన పిల్లలు పరీక్ష కోసం చదివారు, ప్రశ్నలకు జవాబులు రాశారు, మరిచిపోయారు. పరీక్ష భయం లేకుండా మళ్లీ చదివితే అది వేరే కథ.

2157 మే 17. పదకొండేళ్ల మార్జీ డైరీలో ఒక వింత రాసుకుంటుంది: టామీకి అటకమీద నిజమైన పుస్తకం దొరికింది. కాగితం పుస్తకం. అక్షరాలు కదలకుండా ఉన్నచోటే ఉంటాయని ఇద్దరూ ఆశ్చర్యపోతారు. మార్జీకి బడి ఇంట్లోనే, పడకగది పక్క గదిలో. పెద్ద తెర ఉన్న యంత్రమే టీచరు. హోంవర్కు వేసే గాడి అంటే ఆమెకు అసహ్యం, దాన్ని పంచ్ కోడ్‌లో రాసి అందులో పెట్టాలి. భూగోళం పరీక్షల్లో మార్కులు పడిపోతుంటే తల్లి ఇన్‌స్పెక్టర్‌ను పిలిపిస్తుంది. ఆయన పనిముట్ల పెట్టెతో వచ్చి, టీచరును ముక్కలుగా విప్పి, భూగోళం విభాగం కాస్త వేగంగా తిరుగుతోందని తేల్చి, పిల్ల తప్పేమీ లేదని తల్లికి చెప్పి వెళ్తాడు. చివరకు మార్జీ, పూర్వం పిల్లలంతా ఒకే చోట చేరి నవ్వుకుంటూ చదువుకున్నారట కదా అని ఆలోచిస్తూ ఉండిపోతుంది.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. కథకు ఇంకా 137 ఏళ్ల గడువు ఉండగానే తెర టీచరయింది. ఈ పాఠాల వెనక ఇంకో పాత ఊహ కూడా ఉంది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున మూడు ఉపగ్రహాలు నిలిపితే ప్రపంచమంతా ప్రసారాలు అందుతాయని క్లార్క్ 1945లో వ్యాసం రాశాడు. ఆ కేంద్రాల్లో మనుషులు కాపురముంటారనే ఆయన అనుకున్నాడు. మనుషుల అవసరం లేకుండానే పని జరిగింది. 1975 ఆగస్టులో మొదలైన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరి జనమంతా ఒకే టీవీ ముందు చేరి చూశారు. 2020లో అదే ఆకాశం దారిన పాఠం ఒక్కో ఇంటికి వచ్చింది.

అసిమోవ్ భయపడింది యంత్రం కఠినంగా ఉంటుందని, పిల్లలు ఒంటరవుతారని. రెండోది నిజమే అయింది. ఆయన ఊహకు అందనిది ఇంకొకటి జరిగింది. మార్జీకి ఇంట్లో బడికంటూ ఒక గది ఉంది, యంత్రం ఆమె ఒక్కదానిదే. రెండు గదుల ఇంట్లో అక్కకూ తమ్ముడికీ ఒకే సమయానికి క్లాసు పెట్టి, ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో పొలానికి పోతే ఏం చేయాలన్న ప్రశ్న 1951 అమెరికాలో పుట్టదు. చదువు గురించిన ఎంత అందమైన ప్రణాళిక విన్నా, అందులోని పిల్లకు గది ఉందా, పిల్లకూ యంత్రానికీ మధ్య ఇంకెవరైనా ఉన్నారా అని అడిగే అలవాటు ఈ కథ నుంచి తెచ్చుకోవచ్చు. ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టబోయే తల్లిదండ్రులు అడగాల్సిందీ దాదాపు ఇదే. పిల్ల వెనకబడితే విప్పి చూసి, తప్పు పిల్లది కాదు వేగానిది అని చెప్పే ఇన్‌స్పెక్టర్ ఈ కోర్సులో ఎవరు? చాలా కోర్సుల్లో ఆయన ఉండడు.

కథలో కనిపించనివాళ్లు

పాత సైన్స్ ఫిక్షన్ చదువుతుంటే చిరాకు పుట్టించేవి కొన్ని ఉంటాయి, వాటిని దాచి లాభం లేదు. నక్షత్రాల మధ్య తిరిగే ఓడల్లో స్లైడ్ రూళ్లతో లెక్కలు, సిగరెట్ల పొగ. ఆడవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లు కాఫీ అందిస్తారు, లేదా భయపడతారు. 'ఐ, రోబోట్'లోని సూజన్ కాల్విన్ గట్టి మినహాయింపు. రోబోల మనస్తత్వాన్ని చదివే శాస్త్రవేత్త, చుట్టూ ఉన్న మగవాళ్లందరి కన్నా తెలివైనది. అయినా ఆమెను చల్లగా, ఒంటరిగా తప్ప ఊహించలేకపోయాడు అసిమోవ్. తూర్పు దేశాలవాళ్లు, పేదవాళ్లు, ముసలివాళ్లు చాలా కథల్లో లెక్కలోనే లేరు.

ఇలాంటిచోట రెండు రకాల చదువరులు తప్పటడుగు వేస్తారు. ఒకరు, ఆ కాలం అలాంటిది అని తుడిచేసి ముందుకు పోతారు. ఇంకొకరు పుస్తకం మూసేస్తారు. ఖాళీని గుర్తుపెట్టుకుని చదవడం ఈ రెండింటికన్నా మేలు. మిర్యాలగూడ ఆయకట్టులో నాట్లు వేసిన ఆడవాళ్లు ఏ నివేదికలో ఎంత కనిపిస్తారో చూసినవాళ్లకు, ఈస్ట్ తొట్లు కడిగేది ఎవరు అన్న ప్రశ్న వెంటనే తడుతుంది. అసిమోవ్ దానికి జవాబు చెప్పడు. బ్రాడ్‌బరీ యంత్రాల ఇంట్లో వంట, తుడవడం, పిల్లలకు కథలు చదవడం అన్నీ ఇల్లే చేసుకుంటుంది. ఆ పనులు అంతకుముందు ఎవరివో గోడ మీది ఆకారాలు కూడా చెప్పవు.

మొదలుపెట్టే తీరు

అలవాటు లేనివాళ్లు నవలతో మొదలుపెడితే నలభై పేజీల దగ్గర ఆగిపోతారు. చిన్న కథలు మంచివి. 'ది ఫన్ దే హ్యాడ్' కొన్ని పేజీలే. తర్వాత అసిమోవ్ 1940 నాటి 'రోబీ', బ్రాడ్‌బరీ ఆగస్టు కథ, హైన్‌లైన్ రోడ్ల కథ. నవల చదవాలనిపించినప్పుడు 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' తెలుగువాళ్లకు అన్నిటికన్నా సులువు. అది హత్య కేసు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజుల నవలలతో పెరిగినవాళ్లకు బేలీ, అతనికి తోడుగా వచ్చిన రోబో డానీల్ జోడీ వెంటనే పరిచయమైపోతుంది. అసిమోవ్ 'ఫౌండేషన్' గొప్పదే కానీ అందులో మాటలే ఎక్కువ, మొదటి పుస్తకంగా సలహా ఇవ్వలేం.

ఇంగ్లీషు కష్టమైతే తెలుగు దారి ఉంది. నండూరి రామమోహనరావు 'విశ్వరూపం', 'నరావతారం' కథలు కావు గానీ, ఆ కథల వెనక ఉన్న ఆకాశాన్నీ జీవపరిణామాన్నీ ఇంత తేటగా చెప్పినవి అరుదు. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు నేరుగా తెలుగులోనే సైన్స్ కథలు రాశారు. 'విజయానికి ఐదు మెట్లు' రాసిన యండమూరి వీరేంద్రనాథ్ అంతకుముందు 'చీకట్లో సూర్యుడు' అనే సైన్స్ ఫిక్షన్ నవల రాసిన సంగతి వ్యక్తిత్వ వికాస పుస్తకాలే చదివేవాళ్లలో చాలామందికి తెలియదు. సినిమా చాలనుకునేవాళ్లకు సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' ఉంది. దాన్ని చూశాక హెచ్.జి. వెల్స్ కాలయంత్రం కథ చదివితే సింగీతం ఏం తీసుకున్నారో, కృష్ణదేవరాయల కొలువు దాకా ఎంత దూరం నడిపారో తెలుస్తుంది.

పుస్తకాల కోసం ముందు ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లడం మంచిది. పట్టణంలో ఇంటిపన్ను కట్టే ప్రతివాళ్లూ గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు కాబట్టి లైబ్రేరియన్‌ను ఫలానా పుస్తకం తెప్పించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పేపర్‌బ్యాక్‌లు దొరుకుతాయి. చలికాలంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఎలాగూ ఉంది. ఫోన్లలో తిరిగే పీడీఎఫ్‌ల విషయంలో ఒక లెక్క తెలుసుకోవాలి. భారత చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు హక్కులు వారసులవి. వెల్స్ 1946లో పోయాడు, ఆయన పుస్తకాలు ఎవరైనా వేసుకోవచ్చు. అసిమోవ్ పోయింది 1992లో, బ్రాడ్‌బరీ 2012లో. వాళ్లవి ఇంకా చాలాకాలం కొనుక్కోవలసినవే, లేదా గ్రంథాలయంలో అడిగి తెచ్చుకోవలసినవే.

మొదటిసారి పెన్సిల్ లేకుండా చదవాలి, కథ కోసం. రెండోసారి మొదటి పేజీలో మూడు సంగతులు రాసుకోవాలి: పుస్తకం వచ్చిన ఏడు, రచయిత ఏ పని చేసి బతికాడు, అప్పుడు చదువరి ఊళ్లో ఏం జరుగుతోంది. మూడోదే కష్టం. దానికి పుస్తకాల కన్నా ఇంట్లోని పెద్దవాళ్లు పనికొస్తారు. 1967లో పదిహేనేళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బయి దాటింది. సాయంత్రం అరుగు మీద కూర్చున్న తాత దగ్గరకు పోయి, "కాల్వ నీళ్లు రాకముందు, వచ్చినంక ఏమైతదనుకున్నవ్ తాతా?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే చాలు. ఏమైంది అని కాదు, ఏమైతుందనుకున్నావు అని అడగాలి. మొదటి ప్రశ్నకు అందరూ అలవాటైన కథే చెబుతారు. రెండోదానికి కాసేపు ఆలోచిస్తారు. అప్పుడు వచ్చే జవాబు ఏ నవలలోనూ ఉండదు.

నానమ్మనూ విడిగా అడగాలి. ఇద్దరినీ కలిపి కూర్చోబెడితే మాట్లాడేది ఒక్కరే.

పిల్లలతో కలిసి చదివేటప్పుడు పాఠం చేయకూడదు. ఒకరు పైకి చదివితే మిగిలినవాళ్లు వింటారు. మధ్యలో ఆపి, దీని తర్వాత ఏం రాసుంటాడు అని ఒక్కసారి అడగవచ్చు, అంతకు మించి వద్దు. స్నేహితుల మధ్య అయితే నలుగురు చాలు, ఒకే కథ, ముందే చదువుకుని రావాలి. ప్రతివాళ్లూ రచయిత తప్పు ఒకటి తేవాలని నియమం పెట్టుకుంటే, పొగడ్తలతో సాయంత్రం వృథా కాదు.

చదువుతున్నవాళ్లు తమ అంచనా కూడా ఒక పేజీ రాసి, తేదీ వేసి, పుస్తకం అట్టలో పెట్టుకోవడం మంచి అలవాటు. పదేళ్లకు తమ వీధి ఎలా ఉంటుంది, తమ ఉద్యోగం ఉంటుందా, పొలం ఎవరు చేస్తారు అని. పెద్ద మాటలు అక్కర్లేదు. మిల్లులో గుమస్తా అయితే మిల్లు గురించి, నర్సు అయితే వార్డు గురించి. తెలిసినదాని గురించి రాసిన అంచనా తప్పితే ఎక్కడ తప్పిందో దొరుకుతుంది. ప్రపంచం గురించి రాసినది తప్పితే అంతు చిక్కదు.

అన్ని పాత పుస్తకాలూ ఈ శ్రమకు తగవు. ముప్పై పేజీలు చదివాక యంత్రాల వర్ణన తప్ప మనిషి ఎవరూ కనబడకపోతే, రచయిత ఎంత పేరున్నవాడైనా పుస్తకం పక్కన పెట్టేయవచ్చు. ఆ కాలంలో పత్రికల పేజీలు నింపడానికి పదానికి ఇంత అని డబ్బు తీసుకుని రాసినవి గుట్టలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని అప్పటి చదువరులే రెండోసారి తెరవలేదు.